స్పీకర్ తగిలించే ముందు ఆగండి: నాన్నగారి యాంప్లిఫయర్ రిపేర్ కథ

టేబుల్ మీద కనిపిస్తున్న ఈ డబ్బా మా నాన్నగారి యాంప్లిఫయర్. కంపెనీది కాదు, మా ఊళ్లో మెకానిక్ దగ్గర అసెంబుల్ చేయించుకున్నది. రిటైర్ అయ్యాక సాయంత్రాలు ఆయనకి ఇదే కాలక్షేపం. ఒకరోజు కుడి ఛానెల్లో బుర్రుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. "నేను చేస్తాను నాన్నా" అని తీసుకున్నా. చేశాను కూడా. ఎంత బాగా చేశానంటే, బాగున్న వూఫర్ కూడా కాలిపోయింది.

అదెలా కాలిందో తెలియాలంటే సర్క్యూట్ కొంచెం చూడాలి. ఇందులో 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. బ్రిడ్జి, కెపాసిటర్లు దాటేసరికి ప్లస్ 33, మైనస్ 33 వోల్టులు దాకా వస్తాయి. చివర్లో ఒక్కో ఛానెల్‌కి రెండు పవర్ ట్రాన్సిస్టర్లు. 2ఎస్‌సి5200 ప్లస్ వైపు లాగుతుంది, 2ఎస్‌ఎ1943 మైనస్ వైపు లాగుతుంది. తాడు లాగే ఆటలాగా. ఇద్దరూ సమానంగా ఉంటే మధ్యలో, అంటే స్పీకర్ వైరు దగ్గర, సున్నా. అందులో ఒకటి షార్ట్ అయితే 33 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్లోకి పోతుంది. 8 ఓమ్స్ స్పీకర్‌ని మీటర్ పెట్టి చూస్తే కాయిల్ 6 ఓమ్స్ చుట్టూ చూపిస్తుంది. లెక్కేయండి: ఐదున్నర ఆంపియర్లు, సుమారు 180 వాట్లు. అందులో పాట లేదు, ఉత్త వేడి.

నాది సాఫ్ట్‌వేర్ అలవాటు కదా. లైన్ మార్చు, రన్ చెయ్, తేడా వస్తే మళ్లీ మార్చు. షార్ట్ అయిన ట్రాన్సిస్టర్లు పీకి కొత్తవి వేసి, స్పీకర్ తగిలించి, డైరెక్టుగా ప్లగ్ పెట్టేశా. పాట వచ్చింది. పది నిమిషాలు ఇంట్లో నేనే హీరో. తర్వాత ఠప్పుమంది, కాలిన లక్క వాసన. నాన్న ఏమీ అనలేదు. "పోనీలేరా, పాతదేగా" అన్నారు. సాయంత్రం చూస్తే అదే కుర్చీలో కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పాటలు వింటున్నారు. తిట్టినా బాగుండేది.

రెండోసారి బుద్ధిగా మొదలుపెట్టా. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఠపీమనిపించకండి, 100 ఓమ్స్ 5 వాట్ల రెసిస్టర్ పెట్టి దించండి. తర్వాత సిరీస్ బల్బు. కరెంటు వైరుకి వరసలో 60 వాట్లదో 100 వాట్లదో పాత ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. ఇక్కడ 230 వోల్టులతో పని, అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

నాకు బల్బు మసకబారింది. స్పీకర్ పెట్టకుండా ఔట్‌పుట్ దగ్గర డీసీ కొలిస్తే 18 మిల్లీవోల్టులు. 50 లోపు ఉంటే నేను ఓకే అనుకుంటా. ఇక స్పీకర్ పెట్టేద్దామనిపించింది, నిజం చెప్తున్నా. కానీ మొదటిసారి కూడా పది నిమిషాలు బాగానే పాడింది కదా! అసలు ట్రాన్సిస్టర్ ఎందుకు పోయిందో నేనింకా చూడనే లేదు. పోయినదాన్ని మార్చానంతే.

అందుకని ఒక చెక్క పుల్ల తీసుకుని బోర్డు మీద ఒక్కో పార్టునీ మెల్లగా తట్టుకుంటూ వెళ్లా. బయాస్ ప్రీసెట్ దగ్గరికి రాగానే బల్బు భగ్గున వెలిగింది! వదిలేస్తే మసక. తడితే మళ్లీ వెలుగు. దొంగ దొరికాడు.

ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగాలో చెప్పే చిన్న ట్రాన్సిస్టర్ ఒకటుంటుంది. దాని బేస్‌కి వెళ్లేది ఈ ప్రీసెట్ మధ్య కాలు. లోపల దుమ్ము, తుప్పు పట్టి అది కాంటాక్ట్ వదిలేస్తోంది. వదలగానే చిన్న ట్రాన్సిస్టర్ ఆగిపోతుంది, బయాస్ పూర్తిగా పైకెళ్లిపోతుంది, పెద్దవి రెండూ ఒకేసారి లాగుతాయి. వేడెక్కి షార్ట్. పది రూపాయలో ఇరవై రూపాయలో చేసే ముక్క, అంత పనీ చేసింది. ఆ రోజు వరసలో బల్బు లేకపోతే మూడో జత కూడా పోయేది.

కొత్త ప్రీసెట్‌ని పాత చోట పెట్టలేదు. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య పెట్టా. ఇప్పుడది ఓపెన్ అయితే బయాస్ పెరగదు, తగ్గుతుంది. సౌండ్ కాస్త గరగరలాడుతుందేమో గానీ ఏదీ కాలదు. ప్రీసెట్‌ని కరెంటు తక్కువ వచ్చే వైపు తిప్పి పెట్టి, బల్బు తీసేసి, 0.22 ఓమ్స్ ఎమిటర్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు వచ్చేదాకా మెల్లగా తిప్పా. అంటే దాదాపు 45 మిల్లీ ఆంపియర్లు. అరగంట అలాగే వదిలేసి మళ్లీ కొలిచా. హీట్‌సింక్ గోరువెచ్చగా ఉంది, అంతే.

అప్పుడు కూడా మొదట తగిలించింది ఓ పాత డొక్కు స్పీకర్. కొత్త వూఫర్ మర్నాడు పెట్టా. నాన్న వచ్చి వాల్యూమ్ పెంచి, చెవి దగ్గర పెట్టి విని, "ఎడమ వైపు కూడా చూశావా?" అన్నారు.

చూడలేదండి. ఎడమ ఛానెల్లో ఉన్నది కూడా అదే వయసు ప్రీసెట్. అందుకే డబ్బా మళ్లీ టేబుల్ మీదకొచ్చింది. స్క్రూలు విప్పుదాం రండి.