నీళ్లొచ్చాయి... ఈత రాలేదు

కరువు సీమలో చెరువు నిండితే పండగ. ఆ పండగ పూటే కొన్ని ఇళ్లలో దీపం ఆరిపోతోంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో నీటి గండాలు, అవి మిగిల్చే దిగులుపై ఈ వారం ముఖచిత్ర కథనం.

హిందూపురం పక్కన కొట్నూరు చెరువు మరువ పారుతోందంటే చాలు, జనం అటే కదులుతారు. బైకుల మీద ముగ్గురేసి కుర్రాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఫోన్లు ఎత్తినవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేం. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే నేల ఇది. నెర్రెలిచ్చిన చెరువును ఏళ్ల తరబడి చూసిన కళ్లకు పారే నీళ్లు సంబరమే.

ఈ సీమ నీళ్ల కోసం ఎప్పుడూ పాట్లు పడుతూనే ఉంది. పెన్న నీళ్లను పెనుకొండకు మళ్లించేందుకు సింగయభట్టు అనే జలసూత్రధారి సిరువేర చెరువుకు కాలువ తవ్వించాడని 1388 నాటి శాసనం చెబుతుంది. మళ్లీ మన కాలంలో, 2016 చివర, శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణమ్మ పెనుకొండ మండలం గొల్లపల్లి రిజర్వాయరుకు చేరింది. ఎండిన చెరువులకు నీటి కళ వచ్చింది.

ఈలోగా ఈత పోయింది. వెనకటి తరం దిగుడుబావుల్లో నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చింది. ఒడ్డున మామో చిన్నాన్నో నిలబడి చూసేవాడు. తర్వాత బావులు ఎండాయి, బోర్లు పడ్డాయి. బోరులో దూకి ఈత నేర్చుకునే వీల్లేదు కదా! నీళ్లు తిరిగొచ్చేసరికి వాటి తీరు తెలియని పిల్లలు ఒడ్డున నిలబడి ఉన్నారు.

కనిపించని గుంతలు

ఎండిన చెరువులో ఇటుక బట్టీలకూ, లేఅవుట్లకూ మట్టి తవ్వుకుపోతారు. పెన్న, చిత్రావతి ఇసుకదీ అదే కథ. నీళ్లు నిండాక ఆ గుంతలు పైకి కనబడవు. "లోతేం ల్యాదు, రారా" అని ముందువాడు పిలుస్తాడు. నాలుగడుగులు మోకాటి లోతే. అయిదో అడుగుకు కింద నేల ఉండదు.

సేద్యపు కుంటలది ఇంకో రకం ప్రమాదం. నీరు ఇంకకుండా పరిచిన ప్లాస్టిక్ షీటు తడిస్తే పాచి పట్టి జారుతుంది. పడ్డవాడికి ఈత వచ్చినా గట్టెక్కే పట్టు దొరకదు. సిమెంటు లైనింగు వేసిన కాలువలోనూ ఇదే చిక్కు. పైగా అక్కడ ప్రవాహం ఈడ్చుకుపోతుంది.

వరద రోజున నది దాటడం మరీ మొండితనం. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో ఓ కారు చిక్కుకుంది. అందులోవాళ్ల కోసం వెళ్లిన జేసీబీ కూడా నది మధ్యలోనే ఆగిపోయింది. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పది మందిని గట్టున చేర్చింది. అందరికీ అలాంటి అదృష్టం ఉండదు.

సరదాకు ఎక్కిన పడవ

2017 ఏప్రిల్ 28న గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో నాటుపడవ బోల్తా పడి పది మందికి పైగా జలసమాధి అయ్యారు. అందులో పిల్లలూ ఉన్నారు. శుభకార్యానికి వచ్చిన బంధువులు సరదాగా చెరువులోకి వెళ్లారు. పడవలో మోయలేనంత మంది ఎక్కారు. అదే ఏడాది నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు దగ్గర పడవలు మునిగాయి. లైఫ్ జాకెట్ వేసుకోకపోవడం, వేసుకున్నది ఉక్కపోతకు విప్పేయడం, అనుమతి లేని పడవను ఎవరూ ఆపకపోవడం ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా వినబడే మాటలే.

దేశంలో 2022లో నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో పడవ ప్రమాదాలు కొన్నే. ఎక్కువ మరణాలు ఇంటికి దగ్గరలో, రోజూ చూసే నీళ్లలోనే.

దూకొద్దు... విసరండి

మునిగేవాడు సినిమాలోలా కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరికే సమయం చాలదు, అరుపెక్కడిది? ఒకరి కోసం మరొకరు దూకి ఇద్దరూ పోవడమూ జరుగుతుంది. ఎందుకంటే మునిగేవాడు ప్రాణభయంతో దొరికినవాణ్ణి గట్టిగా వాటేసుకుంటాడు.

ఒడ్డున ఉన్నవాళ్లు ముందు కేకేసి మనుషుల్ని పిలవాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యానుకు పంచెను ముడేసి విసరాలి. చీర, తాడు, పొడవాటి కట్టె ఏదైనా పనికొస్తుంది. అందించేవాడు బోర్లా పడుకుని అందించాలి, లేదంటే తనే లోపలికి జారతాడు. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం మానేయాలి. దానితో సమయం పోతుంది. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ మధ్య నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

గట్టెక్కినవాడి గోడు

చెరువు కట్ట మీద నాలుగు జతల చెప్పులుంటే, ముగ్గురే ఇల్లు చేరతారు. ఆ ముగ్గురూ భయపడి సాయంత్రం దాకా నోరు విప్పరు. తర్వాత ఊరంతా "మీరే కదరా తీసుకెళ్లింది" అంటుంది. పన్నెండేళ్ల పిల్లాడు ఆ మాటను జీవితాంతం మోస్తాడు. నిద్రలో ఉలిక్కిపడతాడు, బడికి పోనంటాడు, తలంటుకు నీళ్లు పోస్తే వణుకుతాడు. "పిల్లాణ్ణి చూసుకోలేదా?" అని తల్లిని అడిగేవాళ్లకు, ఆమె ఆ ప్రశ్న తనకు తాను ఎన్నిసార్లు వేసుకుందో తెలియదు.

శవం దొరకని ఇంట్లో బాధ ఇంకా వేరు. కచ్చులూరులో మునిగిన పడవను అక్టోబరు 22న గానీ బయటికి లాగలేకపోయారు. అన్నాళ్లూ కొందరు కర్మ చేయలేక, ఆశ వదులుకోలేక గోదావరి ఒడ్డునే పడిగాపులు పడ్డారు.

ఇలాంటి ఇంటికి పదకొండో రోజు దాటాక కూడా ఎవరో ఒకరు పోతూ ఉండాలి. బతికి వచ్చిన పిల్లల చేత మాట్లాడించాలి. మానసిక సాయం కోసం టెలిమానస్ 14416కి ఎప్పుడైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే ఫోను చేయొచ్చు. ఈ నంబరు మన బడుల గోడల మీద ఉండాలి.

ఇక ఊరు చేయాల్సిన పని. మట్టి తవ్వినవాళ్ల చేతే గుంతల అంచులు వాలుగా చేయించాలి. సేద్యపు కుంట చుట్టూ కంచె వేసి, లోపలికి ముడుల తాడు వేలాడదీయాలి. వేసవి సెలవుల్లో ఈత నేర్పించాలి. మరువ పారే రోజు కాపలా పెట్టాలి. వీటిలో కోట్లు కావలసినది ఒక్కటీ లేదు. చెరువు నిండినప్పుడు గంగపూజకు ఊరంతా కట్ట మీదికి వస్తుంది. గుంతలు ఎక్కడున్నాయో పిల్లలకు చూపించి చెప్పడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు.