ఘనస్థితి ట్రాన్స్‌ఫార్మర్లు: రైలుమార్గం నుండి బోరుబావి వరకు

షాద్‌నగర్ పరిసరాల ఎర్ర చల్కా నేలల్లో యాసంగి వరి, కూరగాయల సాగు ప్రధానంగా బోరుబావులపైనే ఆధారపడి ఉంది. ఇక్కడ నీటి యాజమాన్యం గురించి మాట్లాడేవారు విద్యుత్తు గురించి మాట్లాడక తప్పదు. వరి పొట్ట దశలో నీటి ఎద్దడి కలిగితే తాలు గింజలు పెరుగుతాయి. సరిగ్గా ఆ సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, రైతులు దానిని ట్రాక్టరుపై మరమ్మతుకు తరలించి తిరిగి తెచ్చేలోగా పైరు దెబ్బతింటుంది. ఈ స్థితిలో ఘనస్థితి ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త పరికరం మన పొలాలకు ఏ మేరకు ఉపకరిస్తుందో పరిశీలించడం అవసరం.

పొలాల్లోని సాధారణ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుప కోరు, తీగ చుట్లు, చల్లబరిచే నూనె ఉంటాయి. అది 11 కిలోవోల్టుల విద్యుత్తును 433 వోల్టులకు తగ్గిస్తుంది. పైన వోల్టేజి పడిపోతే కింద కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది. పౌనఃపున్యం పెరిగినకొద్దీ కోరు పరిమాణాన్ని తగ్గించవచ్చు. మన సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్ మాత్రమే కాబట్టి కోరు బరువుగా ఉండక తప్పదు. ఘనస్థితి ట్రాన్స్‌ఫార్మర్ ముందు ఏసీని డీసీగా మార్చి, దానిని వేల హెర్ట్జ్‌ల పౌనఃపున్యానికి పెంచి చిన్న కోరు గుండా పంపి, మళ్ళీ డీసీగానూ, చివరకు 50 హెర్ట్జ్ ఏసీగానూ మారుస్తుంది. ఈ మార్పిడులు చేసేవి సిలికాన్ లేదా సిలికాన్ కార్బైడ్ స్విచ్చులు.

బరువు తగ్గడం వల్ల మొదటి లాభం రైలింజనుకే. స్విట్జర్లాండ్ రైల్వేలో సరఫరా 16.7 హెర్ట్జ్ కావడంతో ఇంజనులోని ట్రాన్స్‌ఫార్మర్ మరింత బరువుగా ఉంటుంది. అందుకే ఏబీబీ సంస్థ 2012లో జెనీవాలో ఒక షంటింగ్ ఇంజనుపై ఈ పరికరాన్ని పరీక్షించింది. షాద్‌నగర్ మీదుగా సాగే సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మార్గపు డబ్లింగ్, విద్యుదీకరణ పనులను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. మన రైళ్ళకు 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నందున ఇంజను బరువులో లాభం అంతగా ఉండదు. అయితే రైలు సింగిల్ ఫేజ్ విద్యుత్తును తీసుకోవడం వల్ల మూడు ఫేజుల గ్రిడ్‌లో ఏర్పడే అసమతుల్యాన్ని సబ్‌స్టేషన్ వద్ద ఇటువంటి పరికరాలు సరిదిద్దగలవు.

పొలంలో దిమ్మెపై కదలకుండా ఉండే ట్రాన్స్‌ఫార్మర్ బరువెంతైనా రైతుకు ఒరిగేదీ పోయేదీ లేదు, దానిని మరమ్మతుకు మోసే రోజున తప్ప. రైతుకు కావలసింది స్థిరమైన వోల్టేజి. మోటారు తిప్పుబలం వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఫీడరు చివర 415 వోల్టులకు బదులు 350 మాత్రమే అందితే తిప్పుబలం 71 శాతానికి తగ్గుతుంది. మోటారు అధిక కరెంటు లాగి, వేడెక్కి, చివరకు కాలిపోతుంది. ఘనస్థితి ట్రాన్స్‌ఫార్మర్ తన పరిమితుల్లో పైన హెచ్చుతగ్గులున్నా కింది వోల్టేజిని నిలకడగా ఉంచగలదు. అంతేకాక, మధ్యలోని డీసీ దశకు సౌరఫలకాలను, బ్యాటరీలను తగిన నియంత్రికల ద్వారా కలపవచ్చు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2008లో ప్రారంభమైన ఫ్రీడమ్ కేంద్రం ఈ ఆలోచనపైనే స్మార్ట్ గ్రిడ్ నమూనాలు రూపొందించింది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సామర్థ్యం గల గ్రామీణ సౌర కేంద్రాలకు అవకాశం కల్పించారు. మధ్యాహ్నం సౌరవిద్యుత్తు ఎదురు ప్రవహించి వోల్టేజి పెరగడం, పొద్దు వాలాక తగ్గడం అటువంటి ఫీడర్లలో ఎదురయ్యే సమస్యలు.

అయితే అసలు చిక్కు మోటారు ప్రారంభంలోనే ఉంది. ఆ క్షణంలో మోటారు మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తొలగించమని రైతులను కోరింది ప్రధానంగా భూగర్భజలాల రక్షణకే. కానీ దీనికి విద్యుత్ కోణమూ ఉంది. పోయిన కరెంటు తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఇనుము, నూనె ఆ తాకిడిని కొంతసేపు ఓర్చుకుంటాయి; అర్ధవాహక స్విచ్చు ఓర్చుకోలేదు, రక్షణ వలయం సరఫరాను వెంటనే ఆపేస్తుంది. అందువల్ల పరికరాన్ని అవసరానికి మించిన సామర్థ్యంతో నిర్మించాలి, లేదా ప్రతి మోటారుకు సాఫ్ట్ స్టార్టర్ అమర్చాలి. రెండూ ఖర్చుతో కూడినవే. పైగా ఒక్కొక్క మార్పిడిలో ఒకటిన్నర శాతం నష్టమైనా మూడింటికి కలిపి సుమారు నాలుగున్నర శాతం పోతుంది. మంచి సాధారణ ట్రాన్స్‌ఫార్మర్‌లో పూర్తి భారం వద్ద నష్టం రెండు శాతం లోపే.

కాబట్టి ప్రతి చేనుకూ ఈ పరికరం అవసరమని నేను భావించను. సౌర కేంద్రం కలిసే ఫీడరు దీనికి సరైన తొలి ప్రయోగస్థలం. ఈలోగా 11 కిలోవోల్టుల తీగను పొలం దాకా తెచ్చి 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అమర్చడం, మోటార్లకు కెపాసిటర్లు బిగించడం ఫీడరు చివరి వోల్టేజిని మెరుగుపరుస్తాయి. నీటి యాజమాన్య ప్రయోగాలు చేసే విద్యార్థులు బోరు నీటి ప్రవాహంతో పాటు స్టార్టరు వద్ద మూడు ఫేజుల వోల్టేజినీ గంటగంటకూ నమోదు చేస్తే, ఏ ఫీడరులో ఇటువంటి ప్రయోగం చేపట్టాలో నిర్ణయించడానికి ఆ వివరాలు తోడ్పడతాయి.