బోరు కోసం మెడలో గొలుసు: మలయాళం సినిమా మనకేం నేర్పుతాది?

ఒక కత చెప్తా, ఇనండి. వేరే వేరే కులాల పిల్లోడూ పిల్లా ప్రేమించి పెండ్లి చేసుకున్నారు. సొంతూరు ఇడిసి దూరంగా ఇంకో జిల్లాకు పోయినారు. చేతిలో ఉన్న దుడ్లతో కొంచెం పొడి నేల కొన్నారు. నేలైతే ఉండాది, నీళ్లు ల్యావు. బోరు ఎయ్యాల. బోరుకు దుడ్లు యాడివి? పెండ్లాం మెడలో గొలుసు ఉండాది కదా, దాన్ని డబ్బు చేసుకుందామని ఇద్దరూ బస్సెక్కినారు. ఆ పిల్ల కునుకు తీస్తాంటే ఎనక సీట్లోవాడు గొలుసు కొట్టేసినాడు. దొరికిపోతానని తెలిసి మింగేసినాడు.

ఇది మన యాడికి మండలంలోనో, పెద్దవడుగూరులోనో, పుట్లూరులోనో జరిగింది అనుకుంటారు మీరు. కాదు. కేరళలో, కాసరగోడు తట్టు జరిగే కత. సినిమా పేరు 'తొండిముదలుం దృక్సాక్షియుం'. దొంగ సొత్తూ, కండ్లతో చూసిన సాక్షీ అని అర్థం. దిలీష్ పోత్తన్ తీసినాడు, 2017లో వచ్చింది. కత, స్క్రీన్‌ప్లే రాసిన సజీవ్ పాళూరుకు, దొంగ వేషం కట్టిన ఫహద్ ఫాసిల్‌కు జాతీయ అవార్డులు వచ్చినాయి. తర్వాత ఏమయ్యిందో చెప్పను, చూడండి. సినిమాలో శానా భాగం ఒక పోలీస్ స్టేషన్లోనే నడుస్తాది. ఆ స్టేషన్లో ఎస్సైగా చేసినాయన నిజంగా పోలీసు ఆఫీసరే.

నేను కరువు మీద, కూలి మీద, నీళ్ల మీద రాసే మనిషిని. సినిమా గురించి నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, చూసి నేర్చుకున్నదే. ఆ సినిమా చూసినంక నాకొక అనుమానం పట్టుకుంది. మన అనంతపురంలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. కేరళలో సుమారు 3000. అంత వాన పడే రాష్ట్రమోళ్లు బోరు కోసం మెడలో గొలుసు తీసే ఆడబిడ్డ కత తీసినారు. మన తట్టు ఎండిన బోర్లు లెక్క పెట్టలేము. బ్యాంకుల్లో తాకట్టు పెట్టిన బంగారం కత లేని ఇల్లు లేదు. మరి మన కత మన తెలుగు సినిమాలో ఎందుకు లేదు?

మన సీమ సినిమాలో లేదని కాదు, ఉండాది. ఎట్లుండాది? 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. వరసపెట్టి వచ్చినాయి. సుమోలు లేస్తాయి, బాంబులు పేలతాయి, కత్తులు దూస్తారు. సేద్యం చేసేవాడు ఎనకాల గుంపులో నిలబడి ఏడుస్తాంటాడు. ఇంకొకటి గమనించినారా? హీరో పుట్టింది సీమలోనే అయినా మాట్లాడేది ఎక్కువగా కృష్ణా, గుంటూరు తెలుగే. మన యాస విలన్‌కు, వాని అనుచరులకు ఇస్తారు. ఇరవై ఏండ్లు ఇదే చూసినంక మన పిల్లోళ్లు బెంగళూరుకో హైదరాబాదుకో పోయి, నోరు తెరిచి 'యాడికి పోతాండావు' అనేదానికి సిగ్గుపడతాండారు. ఊరి పేరే యాడికి అయినోళ్లం మనం, ఆ మాటకు సిగ్గుపడితే ఎట్ల?

మలయాళంలో ఈ పద్ధతి వేరేగా ఉండాది. 2005లో 'రాజమాణిక్యం'లో మమ్ముట్టి తిరువనంతపురం యాస మాట్లాడినాడు. 2010లో 'ప్రాంచియేట్టన్ అండ్ ది సెయింట్'లో అదే మమ్ముట్టి త్రిసూరు యాస మాట్లాడినాడు. వాళ్ల పెద్ద స్టారే యాస మాట్లాడితే, ఆ ఊరోళ్లకు తలెత్తుకున్నట్ల ఉంటాది. 2016లో వచ్చిన 'మహేశింటె ప్రతికారం' ఇడుక్కి కొండల్లో ఫోటో స్టూడియో నడుపుకునే ఒక మామూలు మనిషి కత. 2018లో వచ్చిన 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' మలప్పురంలో ఫుట్‌బాల్ ఆడించుకునేటోళ్ల కత. ఏ సినిమా ఏ జిల్లాదో, ఆ మాటా ఆ పనీ ఆ కూడూ అందులో కనపడతాయి.

ఇది వాళ్లకు పుట్టుకతో వచ్చిన తెలివి అనుకోవద్దండి. దీని ఎనక శానా ఏండ్ల పని ఉండాది. మూడు సంగతులు చెప్తా.

మొదటిది, పుస్తకం. 1945లో పి.ఎన్. పణిక్కర్ పూనుకుని పల్లె పల్లెలోని గ్రంథాలయాలను ఒక సంఘం కిందికి తెచ్చినాడు. చదివేటోళ్లు పెరిగినారు, చదివిన కతలు సినిమాలైనాయి. 1954లో వచ్చిన 'నీలక్కుయిల్' అంటరానితనం మీద తీసిన సినిమా. రాసింది ఉరూబ్ అనే పేరున్న రచయిత. 1965లో వచ్చిన 'చెమ్మీన్' చేపలు పట్టేటోళ్ల కత. తకళి శివశంకర పిళ్లై నవలను రాము కరియాట్ తీసినాడు. దక్షిణాది నుంచి రాష్ట్రపతి బంగారు పతకం మొదట తెచ్చింది ఆ సినిమానే. మనకు గ్రంథాలయ ఉద్యమం లేదా అంటే, వాళ్లకంటే ముందే ఉండె. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ తర్వాత మనం దాన్ని ఏం చేసుకున్నామో, మీ మండలం గ్రంథాలయం తలుపు తట్టి చూస్తే తెలుస్తాది.

రెండోది, కలిసి చూసి మాట్లాడుకునే అలవాటు. 1965లో అడూర్ గోపాలకృష్ణన్, ఆయన స్నేహితులు తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టినారు. ఆ దారిలో ఊరూరా సొసైటీలు పుట్టినాయి. ప్రపంచంలోని సినిమాలు తెచ్చి, గుడ్డ కట్టి చూపించి, అయిపోయినంక వాదించుకునేటోళ్లు. సినిమా రివ్యూ అనేది అక్కడ జనం నోట్లో పుట్టింది.

మూడోది, జనం దుడ్లు. జాన్ అబ్రహాం అనే దర్శకుడు, ఆయన జతగాళ్లు ఒడెస్సా కలెక్టివ్ అని పెట్టుకుని, ఊరూరా తిరిగి చిన్న చిన్న చందాలు పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' అనే సినిమా తీసినారు. మనం జాతరకు చందా ఎత్తుతాం కదా, అట్ల. హీరో కాల్షీట్ లేదు, ఫైనాన్షియర్ లేడు.

అట్లని మలయాళం సినిమాను నెత్తిన పెట్టుకుని ఊరేగమని నేను చెప్పడంలేదు. వాళ్ల సినిమా మొదలైందే ఒక అన్యాయంతో. వాళ్ల మొదటి సినిమా 'విగతకుమారన్'లో హీరోయిన్ పి.కె. రోజీ, దళిత ఆడబిడ్డ. నాయర్ల ఇంటి ఆడమనిషి వేషం వేసిందని పెద్ద కులాలోళ్లు దాడి చేస్తే, ఆమె రాష్ట్రం ఇడిసి పోవాల్సి వచ్చింది. మొన్నమొన్నటి సంగతి చూస్తే, సినిమాల్లో పనిచేసే ఆడోళ్ల కష్టాల మీద జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబర్లో నివేదిక ఇస్తే, అది జనానికి కనపడింది 2024 ఆగస్టులో. అదీ కొన్ని భాగాలు తీసేసి. తెర మీద 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' లాంటి సినిమా తీసిన చోటే తెర ఎనక ఇట్లుండాది. అభిమానం ఉన్నోడు ఈ రెండూ చూడాల.

ఇంగ రీమేకుల సంగతి. మన తెలుగోళ్లకు మలయాళం కత కావాల, ఆ కతలోని ఊరు అక్కర్లేదు. 2020లో 'అయ్యప్పనుం కోశియుం' వచ్చింది. పేరులోనే ఇద్దరు మనుషులుండారు. ఒకడు అట్టప్పాడిలో పోలీసు, ఇంకొకడు దుడ్లు, పలుకుబడి ఉన్నోడు. ఇద్దరి మధ్య పంతం. 2022లో తెలుగులోకి వచ్చేసరికి 'భీమ్లా నాయక్' అయ్యింది. ఇద్దర్లో ఒకడి పేరే మిగిలింది. పేరు మారితే కత తూకమే మారుతాది. మలయాళంలో పాడింది అట్టప్పాడి ఇరుళ గిరిజన మహిళ నంజమ్మ. తన ఇరుళ మాటలోనే పాడి జాతీయ అవార్డు తెచ్చుకుంది. తెలుగులో కూడా కిన్నెర మొగిలయ్యతో పాడించినారు, అది మంచి పని, మెచ్చుకోవాల. కానీ పాటలో ఉన్న ఊరు కతలోకి రాలేదు.

బాగా చేసినోళ్లూ ఉండారు. 'మహేశింటె ప్రతికారం'ను వెంకటేశ్ మహా 2020లో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' అని తీసినాడు. ఇడుక్కి కొండలను అరకు కొండలకు తెచ్చి, అక్కడి మనుషుల్ని, అక్కడి మాటను పెట్టినాడు. కత ఇంకో నేలలో నాటుకుని బతికింది. అదే మహా 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఆ ఊరోళ్లతోనే తీసినాడు. 2023లో 'బలగం' తెలంగాణ పల్లె యాసలో వచ్చి జనాన్ని ఏడిపించింది. మన తట్టుకు దగ్గరగా వచ్చింది 2021 నాటి 'సినిమా బండి'. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో నడిపేవానికి కెమెరా దొరుకుతాది. ఊరు బాగుపడతాదని ఊరోళ్లతోనే సినిమా తీయబోతాడు. అంటే మన తెలుగులో కాదని కాదు, చేస్తే అయితాది.

ఇంకొక సినిమా గురించి చెప్పాల. 'ఆడుజీవితం', 2024లో వచ్చింది. పేరు చూసి ఆడదాని కత అనుకునేరు. కన్నడం తెలిసిన మనోళ్లకు అర్థమయ్యే ఉంటాది, ఆడు అంటే మేక. బెన్యామిన్ 2008లో రాసిన నవల, బ్లెస్సీ తీసిన సినిమా. కంపెనీలో ఉద్యోగమని సౌదీకి పోయిన నజీబ్‌ను ఎడారిలో మేకలు కాయడానికి పెడతారు. మన కడప, రాయచోటి తట్టు నుంచి కువైట్‌కు పోయినోళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఇండ్లల్లో పనికి పోయిన ఆడోళ్లు, ఏజెంటు చేతిలో మోసపోయినోళ్లు, ఫోన్లో ఏడ్చేటోళ్లు. వాళ్ల నజీబ్ కత పుస్తకమైంది, సినిమా అయ్యింది. మన నజీబులు వార్తల్లో నాలుగు వరసలుగా మిగిలిపోతాండారు. కరువు ముదిరిన ఏడు కదిరి తట్టు నుంచి కేరళకే కూలికి పోయినోళ్లుండారు. ఆ కత ఎవరు రాస్తారు? మనమే రాయాల.

దానికి మొదటి మెట్టు, చూసిన సినిమా గురించి రాయడం నేర్చుకోవడం. నా పద్ధతి చెప్తా.

వీలైతే మలయాళం మాటతోనే చూడండి, కింద అక్షరాలు చదువుకుంటా. డబ్బింగ్‌లో కాసరగోడోడూ త్రిసూరోడూ ఒకే తెలుగు మాట్లాడతారు, సగం సినిమా ఆడే పోతాది. మొదటి అరగంట కష్టం, తర్వాత చెవి అలవాటైతాది.

చూసేటప్పుడు నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటా. ఈ కతలో మనుషులు ఏం పని చేసి బతుకుతాండారు? ఎవరు ఏ యాస మాట్లాడతాండారు? ఆడోళ్లకు సొంత మాటా, సొంత నిర్ణయమూ ఉండాదా? కులం కనపడుతాందా, దాచిపెట్టినారా? దుడ్లు, నీళ్లు, నేల ఎవరి చేతిలో ఉండాయి? ఈ ఐదు రాస్తే చాలు. స్టార్లు, మార్కులు అక్కర్లేదు.

పూర్తిగా చూడకుండా రాయొద్దు. ముగింపు చెప్పేయొద్దు. హీరో మీద కోపంతో సినిమాను తిట్టొద్దు. పనిగట్టుకుని చెడ్డ రివ్యూలు పెడతాండారని 2023లో ఒక దర్శకుడు కేరళ హైకోర్టుకు పోయినాడు. కోర్టు సాయానికి పెట్టుకున్న వకీలు, సినిమా విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు రివ్యూలు పెట్టకుంటే మంచిదని 2024లో నివేదిక ఇచ్చినాడు. 48 గంటలు ఆగాలా వద్దా అనేది వేరే వాదన. చూసినోడు చెప్పే హక్కును నేను ఇడిసిపెట్టను. కానీ దుడ్లు తీసుకుని పొగిడేది, దుడ్లు ఇయ్యలేదని తిట్టేది రివ్యూ కాదు.

ఇంగ ముఖ్యమైనది. రివ్యూ మన యాసలోనే రాయండి, మన యాసలోనే ఫోన్లో మాట్లాడి పెట్టండి. 'యాడ', 'శానా', 'ఉండాది' అని రాస్తే ఎవరో నవ్వుతారని అనుకోవద్దు. కాసరగోడోళ్లు వాళ్ల మాటను దాచుకోనుంటే ఆ సినిమా మనదాకా వచ్చేదా? నెలకొకసారి నలుగురు జమై ఒక సినిమా చూసి, అయినంక ఒక గంట కొట్లాడుకోండి. రచ్చబండ ఉండాది, బడి ఉండాది, లేదంటే ఎవరింటి మిద్దెనో. కేరళోళ్లు 1965లో మొదలుపెట్టింది కూడా ఇంతే పని.

మొదటి సినిమాగా 'తొండిముదలుం దృక్సాక్షియుం' పెట్టుకోండి. చూసినంక, బోరు కోసం గొలుసు తీసిచ్చిన మీ అమ్మనో పెద్దమ్మనో ఒక్క మాట అడగండి. ఆ దినం ఏమనిపించింది అని. ఆమె చెప్పింది చెప్పినట్ల, ఆమె మాటల్లోనే రాసి పెట్టుకోండి.