ప్రతిధ్వనికి పరదా!

గోల్కొండ కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. చూడవచ్చినవాళ్లకి అదో వింత. అదే ప్రతిధ్వని సైదాబాద్‌లోని ఓ చిన్న గదిలో మోగితే? తలనొప్పే! పైన కాంక్రీటు శ్లాబు, చుట్టూ నున్నటి గోడలు, కింద టైల్స్... మైకు ముందు పాట పాడినా, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పినా బావిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా గది గుణం మారదు.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానిదీ ఇదే బాధ. కొత్త ఉపన్యాస మందిరంలో మాట ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. వాలెస్ సెబైన్ అనే యువ అధ్యాపకుడు ఓ థియేటర్ సీట్ల మెత్తలు తెప్పించి, పరిచి, రాత్రివేళ కొలిచి చూశాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. కారణం సులువే. పీచు సందుల్లోకి దూరిన ధ్వని రాపిడికి శక్తి కోల్పోయి, రవ్వంత వేడిగా మారిపోతుంది.

ఆ మెత్తల పనే చేసే పలకల్ని ఇంట్లోనూ తయారుచేసుకోవచ్చు. చెక్క రీపర్లతో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున చట్రం కట్టి, 2 అంగుళాల మందం రాక్‌వూల్ అమర్చాలి. దాని పీచు దురద పుట్టిస్తుంది. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.

అసలు కిటుకు గుడ్డలో ఉంది. నోటికి ఆనించి ఊదితే గాలి ఇట్టే అవతలికి పోవాలి. ఖద్దరు, పలుచని గోనెగుడ్డ పనికొస్తాయి. రెగ్జిన్ వేస్తే పైస్థాయి ధ్వనులు తగిలి వెనక్కొచ్చేస్తాయి. గుడ్డను ఇస్త్రీ చేసి, చుట్టూ 3 అంగుళాలు అదనంగా ఉంచి, చట్రాన్ని బోర్లించాలి. ఒక అంచు మధ్యలో స్టేప్లర్ గన్‌తో పిన్ను కొట్టి, ఎదుటి అంచును లాగి అక్కడ మరొకటి కొట్టాలి. మిగతా రెండువైపులా అంతే. మధ్య నుంచి మూలలకు సాగాలి. పడుగూ పేకా వంకరపోకుండా చూసుకుంటూ, మూలల్ని చివర్లో మడవాలి. గోడకీ పలకకీ మధ్య 2 అంగుళాలు ఖాళీ వదిలితే కిందిస్థాయి ధ్వనులూ కొంత తగ్గుతాయి.

ఖర్చు తగ్గుతుందని కోడిగుడ్ల అట్టలు అతికిస్తే లాభం అంతంతమాత్రం, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. ఇంకోమాట... ఈ పలకలు గదిలోని మోతనే తగ్గిస్తాయి. పక్కింటి కుక్కర్ విజిల్‌ను ఆపవు. దానికి తలుపు సందులు మూయాలి, గోడ బరువు పెంచాలి. ఏది కావాలో తేల్చుకున్నాకే గుడ్డ కొనండి!