రొమ్ము ఛాయాచిత్రము - కణజాల పరీక్ష

ఎక్స్-కిరణముల చిత్రము నిజమునకు ఒక నీడ. చేతి యెముకను చూచుటకు ఈ నీడ చాలును. ఎముకలో కాల్షియము ఉన్నది గనుక చుట్టునున్న మాంసముకంటె అది కిరణములను ఎక్కువగా ఆపును. రొమ్ములో ఎముక లేదు. క్రొవ్వు, పాలగ్రంథులు, వానిని పట్టియుంచు నారకణజాలము మాత్రమే ఉండును. క్రొవ్వు కొంత పలుచనగా కనబడును గాని, గ్రంథులకును క్యాన్సరు గడ్డకును భేదము మిక్కిలి స్వల్పము. ఆ భేదమును పట్టుటకు తక్కువ శక్తిగల కిరణములు కావలెను. మాలిబ్డినము నుండి వెలువడు 17.5, 19.6 కిలో ఎలక్ట్రాను వోల్టుల కిరణములు ఇందుకు బాగుగా పనికివచ్చినవి. రొమ్మును రెండు పలకల నడుమ నొక్కిపట్టుట కూడ ఇందుకొరకే. మందము తగ్గినచో నీడలు ఒకదానిపై నొకటి పడుట తగ్గును.

నీడను చూచి వస్తువును గుర్తించుట ఎట్లు? 1913లో బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్ సరియైన త్రోవ పట్టెను. చికిత్సలో తొలగించిన రొమ్ములను సుమారు 3000 వరకు ఎక్స్-కిరణములతో చిత్రించి, ఆ కణజాలమునే సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి, రెంటిని పోల్చెను. చిత్రములలో చుక్కలుగా కనబడు సున్నపు రేణువుల ప్రాముఖ్యము 1950 ప్రాంతమున ఉరుగ్వే వైద్యుడు రవుల్ లెబోర్న్ కృషితో స్పష్టమైనది. 1960లో హ్యూస్టనులోని రాబర్ట్ ఈగన్ 1000 పరీక్షల అనుభవమును ప్రకటించిన పిదప ఈ పద్ధతి వ్యాపించెను.

ఇంతకును చిత్రమును ఎంతవరకు నమ్మవచ్చును? ఒక లెక్క వేసి చూతము. ఏ బాధయు లేని స్త్రీలు 1000 మంది పరీక్షకు వచ్చిరనియు, వారిలో 6గురికి క్యాన్సరు ఉన్నదనియు అనుకొందము. 2017లో అమెరికాలో ప్రకటితమైన గణాంకముల ప్రకారము ఈ పరీక్ష ఉన్న క్యాన్సరులలో నూటికి సుమారు 87 పట్టును. వ్యాధి లేనివారిలో నూటికి 89 మందిని సరిగా విడిచిపెట్టును. అనగా 6గురిలో 5గురు పట్టుబడుదురు, ఒకరు తప్పిపోవుదురు. మిగిలిన 994 మందిలో నూటికి 11 చొప్పున 109 మందికి లేని అనుమానము తగులుకొనును. మరల రమ్మని కబురందిన 114 మందిలో వ్యాధి గలవారు 5గురే! నల్లబల్లపై ఈ లెక్క వేయించినచో విద్యార్థులు మొదట నమ్మరు. కబురు రాగానే రోగమే వచ్చినదని కుమిలిపోవు స్త్రీలకు ఈ లెక్క తెలిసియుండుట ఎంతో అవసరము.

ఈ 114 మందిలో చాలమందికి మరి రెండు చిత్రములతోనో, అల్ట్రాసౌండుతోనో అనుమానము తీరును. నీటితిత్తి, గట్టిగడ్డ ఎక్స్-కిరణములకు ఒకే నీడ. ధ్వనితరంగములు రెంటిని ఇట్టే వేరుచేయును. అప్పటికిని సందేహము తీరనివారికి మాత్రము బయాప్సీ. సుమారు 2 మిల్లీమీటర్ల లావుగల బోలుసూదితో సన్నని కండెలు తీసి, ఫార్మలినులో నిలువచేసి, మైనములో పోతపోసి, పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి చూతురు.

ఇచ్చట నీడకును కణమునకును తగవు వచ్చును. నక్షత్రమువలె ముండ్లు సాచిన నీడ క్యాన్సరుకు పెద్ద గుర్తు. కాని కొన్ని నిరపాయకరమైన మచ్చలును, దెబ్బతగిలి చచ్చిన క్రొవ్వును అచ్చముగా అట్లే కనబడును. దీనికి విరుద్ధముగా పాలతమ్మెలలో పుట్టు ఒకజాతి క్యాన్సరు కణములు చీమలబారువలె ఒక్కొక్కటిగా పాకిపోవుటచే గడ్డకట్టవు. చిత్రము నిర్మలముగా ఉండవచ్చును. కనుక చేతికి గడ్డ తగులుచున్నప్పుడు చిత్రము బాగున్నదని ఊరకుండరాదు.

సున్నపు రేణువులకొరకు సూది గుచ్చినచో తీసిన కండెలను మరల ఎక్స్-కిరణములతో చూచి, రేణువులు వచ్చినవో లేదో తేల్చుకొందురు. వచ్చినను ఒక చిక్కు కలదు. కాల్షియము ఫాస్ఫేటు రంగు పట్టి ఊదాగా కనబడును. కాల్షియము ఆక్సలేటు రంగు పట్టదు, ధ్రువీకృత కాంతిలోనే మెరయును. ఆ దీపము వేయనిచో కండెలో సున్నమే లేదనిపించును.

సూదికి దొరకినది గడ్డయో, గడ్డ ప్రక్కనున్న మంచి కణజాలమో సూదికి తెలియదు. అందుచే చిత్రము గట్టిగా క్యాన్సరని సూచించగా కణపరీక్ష కాదని చెప్పినచో వైద్యులు సంతోషించి ఇంటికి పంపరు. చిత్రము చూచినవారును కణములు చూచినవారును కూర్చుండి రెంటిని పోల్చి, పొసగనియెడల మరల సూది గుచ్చుటయో, ఆ భాగమునే తీసి పరీక్షించుటయో చేయుదురు.