జమ్మిచెట్టు క్రింద నిరుద్యోగి

మహర్నవమికి ముందు రెండు మూడు దినములలో పులివెందుల బస్‌స్టాండున దిగువారిని గమనించినచో వారిలో రెండు తెగలు కనబడును. కొందరి చేతులలో ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల సంచులుండును. వారు బస్సు నిలువకమునుపే లేచి నిలుచుందురు. మరికొందరు చిట్టచివర దిగుదురు. వారి భుజముననున్న సంచిలో బట్టలకంటె పుస్తకముల బరువే ఎక్కువ. నంద్యాలలోనో, కడపలోనో, దూరాన కృష్ణాజిల్లా అవనిగడ్డలోనో అద్దెగదిలో ఉండి, ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుకొనుచు, పండుగకు ఇల్లు చేరుచున్నవారు వీరు. తమ వీథిలో మొదటి అరుగు దాటకముందే వీరికి ఒక ప్రశ్న ఎదురగును.

"ఏం అబ్బీ, ఉద్యోగం ఏమన్నా వచ్చినాదా?"

"ఇంకా లేదు చిన్నాయనా."

అడిగినవానికి దురుద్దేశము లేదు. మాట కలుపుటకు అతనికి వేరొక త్రోవ తెలియదు. సేద్యగానిని వాన పడినదా అని అడుగుదురు. చీనీతోట గలవానిని కాయ ధర ఎట్లున్నదని అడుగుదురు. చదువుకొన్నవానిని ఉద్యోగమును గూర్చి అడుగుదురు. అయితే వాన పడకుండుట రైతు తప్పని లోకము ఎన్నడును అనలేదు. ఉద్యోగము రాకుండుట మాత్రము చదువుకొన్నవాని తప్పుగానే ఎంచుచున్నది. నాలుగు దినముల పండుగలో ఆ ప్రశ్నకు ముప్పది మారులు బదులు చెప్పవలసివచ్చునన్న జంకుతోనే కొందరు అసలు ఇంటికే రారు. "క్లాసులున్నాయమ్మా" అని ఫోనులో ఒక అబద్ధమాడి, పండుగనాడు గదిలో ఒంటరిగా అన్నము వండుకొందురు. ఆ అబద్ధము తల్లికి తెలియకపోదు.

తప్పు ఎవరిదో తేల్చుటకు ఇటీవలి చరిత్ర చాలును. ఆంధ్రప్రదేశమున 2018 అక్టోబరులో డీఎస్సీ ప్రకటన వెలువడినది. అటువంటి పెద్ద నియామక ప్రకటన మరల వెలువడి నెరవేరుటకు ఏడేండ్లు పట్టినది. నడుమ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన పరీక్షదాక పోలేదు. ఆ సంవత్సరమే జూన్ 13న క్రొత్త ప్రభుత్వపు తొలి సంతకము 16,347 పోస్టుల దస్త్రముపై పడినది. ప్రకటన మాత్రము 2025 ఏప్రిల్ 20న వచ్చినది. ఈలోగా ఆరు దసరాలు గడచినవి. ఆ ఆరు దసరాలకును అరుగుమీది ప్రశ్న మారలేదు, బదులును మారలేదు. పరీక్షయే లేనినాడు ఉత్తీర్ణుడు కాలేదని ఒకనిని నిందించుట ఎట్టి న్యాయమో అడిగినవారు ఆలోచించియుండరు.

పరీక్షల తేదీలు వ్రాయువారు పండుగల పంచాంగమును అంతగా చూచునట్లు తోచదు. 2018 నాటి ప్రకటనకు చెందిన పరీక్షలు డిసెంబరు చివర మొదలై 2019 జనవరిలో సాగుటచే సంక్రాంతి వాని నడుమ చిక్కినది. 2024లో టెట్ పరీక్షలు అక్టోబరు 3న ప్రారంభమైనవి. శరన్నవరాత్రుల పాడ్యమియు ఆనాడే. 2025 జూన్ 6న డీఎస్సీ పరీక్షలు మొదలు కాగా, ఆ మరునాడే బక్రీదు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని ముస్లిములు సైతము దర్శించు జిల్లా ఇది. పండుగ ఎవరిదైనను పరీక్షార్థి బాధ ఒక్కటే. ఉగాది మాట వచ్చినది కనుక చెప్పవలెను: పంచాంగ శ్రవణమున తన రాశికి ఆదాయము, వ్యయము, రాజపూజ్యము, అవమానము అంకెలలో వినునపుడు నిరుద్యోగికి కలుగు భావము వేరు. వ్యయము, అవమానము అతనికి పంతులు చెప్పకయే తెలిసినవి.

వ్యయమనునది హాస్యపు మాట కాదు. 2025 డీఎస్సీకి ఒక్కొక్క పోస్టునకు దరఖాస్తు రుసుము 750 రూపాయలు. రెండు మూడు పోస్టులకు అర్హతగలవాడు అన్నింటికిని దరఖాస్తు చేసికొన్నచో పండుగకు ఒక జత బట్టల వెల ఆ రుసుముతోనే తీరిపోవును. గది అద్దె, భోజనము, పుస్తకములు వేరు. ఆ ప్రకటనలో గరిష్ఠ వయస్సు 44 ఏండ్లు. అనగా ఆ రుసుము కట్టినవారిలో తమకు కాక తమ బిడ్డలకు క్రొత్తబట్టలు కొనవలసిన తల్లిదండ్రులును కలరు. ఉద్యోగార్థి అనగానే మీసము మొలచుచున్న కుర్రవానిని మాత్రమే తలచుట పొరపాటు.

ముఖ్యముగ తలపునకు రావలసినవారు స్త్రీలు. డి.ఎడ్., బి.ఎడ్. చదివి కోడలుగా వచ్చిన ఆమెకు పండుగ సెలవు సెలవు కానే కాదు. పండుగకు వారము ముందే ఇల్లు దులుపుట, దుప్పట్లు ఉతుకుట మొదలగును. పండుగనాడు శనగబేడలు ఉడికించి, పూర్ణము రుబ్బి, ఓళిగలు తట్టవలెను. అలసంద వడలు వేయవలెను. వచ్చిన ఆడబిడ్డలకు, వారి పిల్లలకు వడ్డింపవలెను. రాత్రి పది గంటలకు అంట్లు ముగిసిన పిదప ఆమె శిశు మనోవిజ్ఞాన గ్రంథమును తెరచును. బిడ్డ చదువుకొనుటకు ఇంటిలో ప్రశాంత వాతావరణము అవసరమని ఆ గ్రంథమున వ్రాసియుండును! "పండుగపూట కూడా పుస్తకమేనా?" అని అప్పుడనినవారే, ఫలితములు వచ్చి పేరు లేకపోయినపుడు, "చదివింది ఎప్పుడు కనక?" అందురు. పురుషునికి పండుగ తెచ్చు బాధ అరుగుమీది ప్రశ్నతో ఆగును. ఆమెకు అది వంటింటిలో మొదలగును.

ఈ చిక్కును తెలివిగా విప్పుకొన్న ఇండ్లును లేకపోలేదు. అట్టి యింట తెల్లవారుజామున నాలుగు మొదలు ఏడుదాక కోడలినిగాని కూతురినిగాని ఎవరును పిలువరు. ఆ పూట పొయ్యి అత్తగారిదో, భర్తదో. ఏడు దాటిన తరువాత ఆమె పండుగలో నిండు మనస్సుతో పాల్గొనును. పండుగ ముఖ్యదినమున పుస్తకము మూసివేయుటయే మేలనిపించును. పుస్తకము ముందుంచుకొని వీథిలోని మేళము వినువానికి పుస్తకమును దక్కదు, మేళమును దక్కదు. సంవత్సరమంతయు నాలుగు గోడల నడుమ ప్రశ్నపత్రములతో గడపినవాడు రెండవ మైసూరని పేరుపడిన ప్రొద్దుటూరి దసరాకు పోయి, అమ్మవారిశాల ముంగిట ఒక్క సాయంకాలము నిలిచినంత మాత్రమున మార్కులు తగ్గవు.

మరియొక ఉపాయము కలదు. అరుగుమీది ప్రశ్నను త్రిప్పి పంపుట. బెంగుళూరునుండి, హైదరాబాదునుండి ఉద్యోగస్థులు పండుగకే ఊరు చేరుదురు. "మీ కంపెనీలో మనుషుల్ని ఎప్పుడు తీసుకుంటారన్నా? ఏ పరీక్ష పెడతారు?" అని అడిగినచో, జాలి చూపుటకు వచ్చినవాడు సలహాదారు అగును. ఏటికొకమారు ఊరు చేరువారితో ఆ మాట ఎదుటపడి అడుగుటకు పండుగ తప్ప వేరు సమయము దొరకదు.

దసరాకును కొలువునకును గల సంబంధము క్రొత్తది కాదు. భారతకథ నెరిగిన తెలుగువానికి జమ్మిచెట్టు ఆయుధములు దాచిన చెట్టు మాత్రమే. ఆయుధములు దాచినవారు ఆ వెంటనే చేసినదేమో అంతగా తలచుకొనరు. వారు ఉద్యోగములు వెదకికొనిరి. తిక్కన విరాటపర్వమున పాండవులు ఒక్కొక్కరుగా విరాటరాజు కొలువున కేగి పని అడిగిన ఘట్టములను ఈ దృష్టితో చదివినచో క్రొత్తగా తోచును. చక్రవర్తి కంకుభట్టైనాడు, భీముడు వలలుడై వంటశాలకు, నకులుడు దామగ్రంథియై గుర్రపుశాలకు, సహదేవుడు తంత్రీపాలుడై పసులదొడ్డికి పోయిరి. ద్రౌపది మాలినియై సుధేష్ణను కొలిచినది. అర్జునునకు దొరికినది ఉపాధ్యాయపదవి. ఉత్తరకు నాట్యము నేర్పు బృహన్నల ఆయన. పూర్వానుభవ మేమియని అడిగినచో ధర్మరాజు కొలువున ఉన్నామని చెప్పుకొనుట కూడ కథలోనిదే. పని కోరువానికి ఒక పెద్దమనిషి పేరు కావలసివచ్చుట నాటినుండియు ఉన్నది.

గాండీవము చెట్టుపైనున్న సంవత్సరము అర్జునుడు విలుకాడు కాకపోలేదు. బి.ఎడ్. పట్టా చేతనుంచుకొని పండుగ నెలలో బట్టల అంగడిలో బేరము చూచు పడుచువానిని, చిన్న ప్రయివేటు బడిలో పదినెలల జీతమునకు పండ్రెండు నెలలు గడుపుకొను అమ్మాయిని చూచినపుడు ఊరివారు ఈ సంగతి మరచుచున్నారు. "ఇంత చదువు చదివి ఇదేనా?" అనువారు విరాటుని వంటశాల తలుపు తెరచిచూడలేదు కాబోలు.

బడిపంతులుకు దసరాతో మరియొక లెక్క ఉండెడిది. వీథిబడుల కాలమున తెలుగునాట పలుచోట్ల అయ్యవారు నవరాత్రులలో శిష్యులకు అలంకరించిన విల్లంబులు పట్టించి, పాటలు పాడించుచు ఇంటింటికి తీసికొనిపోయెడివారు. గృహస్థులు అయ్యవారికి రూకలును బట్టలును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. అందులో చేయిచాచుట కొంత ఉన్నను, గురువునకు ఊరు బాకీ తీర్చుట కొంత ఉన్నది. ఊరికి పండుగ, అయ్యవారికి జీతము ఒక్కమారే వచ్చెడివి.

2025లో మరల అట్టిదొకటి సంభవించినది. నవరాత్రుల నడుమ సెప్టెంబరు 25న, విజయదశమికి వారము ముందు, డీఎస్సీలో ఎంపికైన 15,941 మందికి అమరావతిలో నియామకపత్రము లందినవి. ఆ యేడు వారి యిండ్లలో ఓళిగల తీపి వేరుగ ఉండియుండును. కాని పరీక్షకు దరఖాస్తు చేసినవారు మూడు లక్షలకు పైబడినవారు. మిగిలిన లక్షలమంది యిండ్లకును అదే దశమి వచ్చినది. వారును జమ్మిచెట్టు చుట్టు తిరిగి, కాగితముమీద శ్లోకమును, దాని క్రింద పేరును వ్రాసి కొమ్మకు తగిలించిరి. కొందరు పేరు ప్రక్కన మరియొక కోరిక కూడ చిన్న అక్షరములతో వ్రాసియుందురు.

సరస్వతీపూజనాడు పిల్లల పుస్తకములను దేవుని పీటముందు పేర్చు ఆచారము ఈ సీమయిండ్లలో కలదు. పూజలో పెట్టిన పుస్తకమును ఆ దినము తాకరాదని పెద్దల మాట. మరునాడు పరీక్ష గల బిడ్డయున్న యింట ఇది చిన్న చిక్కు కాదు. దీనికి ఒకానొక జేజి కనుగొన్న పరిష్కారము ముచ్చటైనది. చదివి ముగించిన పాత పుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టి పీటపై నుంచి, చదువవలసిన దానిని మనుమరాలి చేతిలోనే ఉంచి, "అమ్మవారు దాన్ని చూల్యా. నువ్వు చదువుకో పో" అని వెనుకటి గదిలోనికి పంపి తలుపు దగ్గరగా వేసినది.