దారులు నాలుగు, రద్దీ ఒక్కదానిపైనే

ఈథర్‌నెట్‌లో ఒకప్పుడు రెండు స్విచ్‌ల మధ్య రెండు దారులుండటం ప్రమాదంగా ఉండేది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క లేదు. దారులు వలయంగా కలిశాయంటే, అందరికీ వెళ్లాల్సిన ఫ్రేము తిరుగుతూ, పెరుగుతూ నెట్‌వర్క్‌నంతా ముంచేస్తుంది. దీనికి విరుగుడు 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రాడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. వలయానికి కారణమయ్యే లింకులను స్విచ్‌లే మూసేస్తాయి, వాడుకలో ఉన్నది తెగితే మళ్లీ తెరుస్తాయి. భద్రతకు భేషే గానీ, డబ్బు పోసి వేసిన కేబుళ్లలో కొన్ని ఊరికే పడి ఉండాల్సిందే.

డేటా సెంటర్లు ఈ దుబారాను భరించలేకపోయాయి. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు చార్లెస్ క్లో 1953లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ప్రచురించిన అమరికను అవి తెచ్చుకున్నాయి. కింది వరసలోని ప్రతి స్విచ్చూ పై వరసలోని స్విచ్‌లన్నిటికీ కలుస్తుంది. సమాన దూరపు దారులు బోలెడు.

మరి ప్యాకెట్లను వంతులవారీగా పంచేయొచ్చుగా? అక్కడే చిక్కు. వెనక బయల్దేరినవి ముందు చేరితే, మధ్యలోది పోయిందనుకుని టీసీపీ వేగం తగ్గించేస్తుంది. అందుకే ఒక సంభాషణలోని ప్యాకెట్లన్నీ ఒకే దారిన పోవాలని నియమం. పంపేవారి, అందుకునేవారి చిరునామాలు, రెండు పోర్టు నంబర్లు, ప్రోటోకాల్: ఈ ఐదింటినీ హ్యాష్ లెక్కలో వేసి స్విచ్ దారి తేలుస్తుంది.

ఈ లెక్క బరువు చూడదు. టోల్‌గేటులో బైకునూ ట్రైలర్ లారీనీ ఒకే గాటన కట్టినట్టు, చిన్న సందేశమూ టెరాబైట్ల బ్యాకప్పూ దానికి సమానమే. నాలుగు భారీ ప్రవాహాలు నాలుగు లింకులకు తలా ఒకటి చొప్పున పడే అవకాశం 256లో 24. అంటే పదో వంతు కూడా లేదు! మిగతా సందర్భాల్లో ఏదో ఒక లింకు ఖాళీ, ఇంకొకటి కిక్కిరిసినట్టే.

వేల కొద్దీ చిన్న ప్రవాహాలుంటే ఈ తేడాలు సర్దుకుపోతాయి. ఏఐ శిక్షణలో అలా కాదు: ప్రవాహాలు కొన్నే, ఒక్కొక్కటీ పెద్దది, అన్నిటికంటే నెమ్మదైనది ముగిసేదాకా మిగతా జీపీయూలన్నీ ఆగాలి. అందుకే 2023లో ఏర్పడిన అల్ట్రా ఈథర్‌నెట్ కన్సార్షియం పాత నియమాన్నే సడలించింది. ప్యాకెట్లను అన్ని దారుల మీదా వెదజల్లితే, వరస తప్పి వచ్చినా అందుకునే కార్డు సర్దుకుంటుంది. 2025లో వచ్చిన దాని తొలి ప్రమాణంలో ఈ పద్ధతి ఉంది.

మామూలు ఆఫీసులకు ఆ వెసులుబాటు ఇంకా రాలేదు. సర్వర్‌కు ఒక్కో గిగాబిట్ వేగపు కేబుళ్లు రెండు జతచేసి, ఒక్క ఫైలు కాపీ రెట్టింపు వేగంతో అవుతుందని ఆశపడకండి; సాధారణంగా అది ఒక్క కేబుల్ మీదే పోతుంది.